ఏడున్నర గంట ఎవరిది?

ఏళ్ళ తరబడి నడిచిన టీవీ సీరియల్‌ని ఆపేసినప్పుడు ఛానెళ్ళ యాజమాన్యాలు చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే. జనం చూడటం తగ్గించారు కనుక ఆపేశామంటారు. పత్రికల సినిమా పేజీలు అదే మాటని అచ్చు వేస్తాయి. చదువుకున్నవాళ్ళేమో పోనీలే, ఒక ఏడుపుగొట్టు వదిలిందని ఊపిరి పీల్చుకుంటారు. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. మొదటిది సగం నిజం. రెండోది ఆ సీరియల్ చూసిన ఆడవాళ్ళ మీద చిన్నచూపు. సమాజశాస్త్ర పరిశోధకురాలిగా ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గ్రామాల్లో చాలా ఏళ్ళుగా తిరుగుతున్నదాన్ని గనక, అక్కడి స్త్రీల వైపు నిలబడి ఈ రెంటికీ జవాబు చెప్పదలిచాను.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఛానెల్ దృష్టిలో మనం కొనుగోలుదారులం కాము. కొనేది ప్రకటనలిచ్చే కంపెనీ. అది కొనేది మన కళ్ళని, మన అరగంటని. కెనడాకు చెందిన పరిశోధకుడు డల్లాస్ స్మైత్ 1977లోనే ఈ మాట చెప్పాడు: వాణిజ్య ప్రసార మాధ్యమాలు తయారుచేసి అమ్మే సరుకు ప్రేక్షకులే. కథ అనేది ఆ సరుకుని ఒకచోట కూడేసే ఎర. ఇది అర్థమైతే ‘ఇంతమంది చూస్తున్న సీరియల్‌ని ఎందుకు ఆపేశారు’ అన్న ప్రశ్న మారిపోతుంది. ఎంతమంది చూస్తున్నారన్న దానికంటే, చూస్తున్నవాళ్ళు ఎంత ధరకి అమ్ముడుపోతారన్నదే యాజమాన్యానికి ముఖ్యం.

‘కార్తీక దీపం’ సంగతే తీసుకుందాం. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలైంది. మలయాళంలో వచ్చిన ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. నల్లగా ఉన్న ఒక ఆడపిల్ల, ఆమెను అనుమానించి గెంటేసిన డాక్టరు మొగుడు, వంటచేసి బిడ్డని సాకుకునే తల్లి. ఆ తల్లికి ‘వంటలక్క’ అని జనమే పేరు పెట్టుకున్నారు. తెలుగు టీవీలో రేటింగుల రికార్డులన్నీ ఏళ్ళపాటు దానివే. 2022లో ప్రధాన పాత్రల్ని చంపేసి పిల్లల్ని పెద్దవాళ్ళని చేశారు, మళ్ళీ ఆ పాత్రల్నే బతికించి తెచ్చారు. పదిహేను వందలకు పైగా భాగాలు నడిచాక 2023 జనవరి 23న ముగించారు. ఆ మర్నాడే ‘బ్రహ్మముడి’ అనే కొత్త సీరియల్ మొదలైంది. పద్నాలుగు నెలలు తిరిగాయో లేదో, 2024 మార్చి 25న అదే పేరుతో, అదే జంటతో, వేరే కథతో ‘కార్తీక దీపం’ రెండో భాగం వచ్చింది. జనానికి నిజంగా మొహం మొత్తి ఉంటే ఆ పేరుని మళ్ళీ ఎందుకు వెతుక్కున్నారు? ముగింపునాటికి పాత ఊపు లేదన్న మాట నిజమే. కానీ ఆ ఊపు పోగొట్టింది చూసేవాళ్ళా, ఉన్న కథని చంపి బతికించి సాగదీసిన వాళ్ళా?

అది ముగిసిన జనవరి నెల మా జిల్లాలో మిరపకోతల కాలం. పొద్దున్నే ఆటోల్లో, ట్రాక్టర్లలో వెళ్ళి రోజంతా వంగి మిరపకాయలు కోసి, మండుతున్న చేతులతో ఇంటికొచ్చి, నీళ్ళు తెచ్చి, పొయ్యి ముట్టించి, పిల్లలకి పెట్టేసరికి చీకటి పడుతుంది. ఏడున్నరకి ఆ అరగంట ఒక్కటే వాళ్ళది. ఆ అరగంటలో కూడా చేతులు ఖాళీగా ఉండవు. బియ్యం ఏరుతూనో, ఉల్లిగడ్డలు కోస్తూనో, గడప దగ్గర కూచుని చూస్తారు. సీరియల్ ముగిసిన కొన్నాళ్ళకి దుమ్ముగూడెం మండలంలో ఒకామె నన్నడిగింది, ‘మొదలుపెట్టేటప్పుడు నెల రోజులు చెప్తరు, చూడమని బతిమాలుతరు. ఆపేటప్పుడు మమ్మల్ని అడిగిండ్రా మేడమ్?’ అని. నేను చదివిన మాధ్యమాల సిద్ధాంతాలన్నిటికంటే ఈ ప్రశ్న సూటిగా ఉంది.

అడగలేదు సరే, కనీసం లెక్కపెట్టారా?

మన దేశంలో టీవీ చూసేవాళ్ళని లెక్కించేది బార్క్ అనే సంస్థ. 2015 నుంచి లెక్కలు ఇస్తోంది. దానికి ముందున్న లెక్క ప్రధానంగా పట్నాలదే. పల్లెలు లెక్కలోకి వచ్చింది కూడా ఆ 2015 చివర్లోనే. అంటే ‘చక్రవాకం’ (2003–2008), ‘మొగలిరేకులు’ (2008–2013) జెమినీలో నడిచిన పదేళ్ళూ పల్లెటూరి ఆడమనిషి ఎంత శ్రద్ధగా చూసినా ఆమె చూపుకి అంకె లేదు. బార్క్ యాజమాన్యంలో నూటికి అరవై వంతులు ప్రసార సంస్థలవి, ఇరవై ప్రకటనదారులవి, ఇరవై ప్రకటనల ఏజెన్సీలవి. చూసేవాళ్ళ వాటా సున్న. పాలకమండలిలో సగం మంది స్వతంత్ర సభ్యులుండాలని ట్రాయ్ 2020లో సిఫారసు చేయవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు ఇరవై కోట్లకు పైమాటే. మీటర్లు పెట్టినవి యాభై అయిదు వేలకు కాస్త అటూ ఇటూ. అంటే సుమారు మూడున్నర వేల ఇళ్ళ తరఫున ఒక ఇల్లు మాట్లాడుతుంది. ఆ ఇళ్ళు ఏవన్నది రహస్యం. 2020లో ముంబయిలో రేటింగుల మోసం బయటపడి, వార్తా ఛానెళ్ళ లెక్కల్ని 2022 మార్చి దాకా ఆపేసిన సంగతి తెలిసినవాళ్ళెవరూ రహస్యాన్ని తప్పుపట్టరు. నా అభ్యంతరం మీటర్ల సంఖ్య మీద కూడా కాదు, లెక్కలో దాగి ఉన్న మగచూపు మీద.

మీటరున్న ఇంట్లో రిమోట్ మీద ఒక్కో మనిషికి ఒక్కో మీట ఉంటుంది. టీవీ ముందు కూచున్నప్పుడు నొక్కాలి, లేచినప్పుడు మళ్ళీ నొక్కాలి. కూచోవడం, లేవడం అనే రెండు స్పష్టమైన పనులుగా టీవీ చూడటం మగవాడికి కుదురుతుంది. పొయ్యికీ గడపకీ మధ్య ఇరవైసార్లు తిరిగే మనిషికి కుదురుతుందా? ఆమె సీరియల్‌ని కళ్ళతో సగం, చెవులతో సగం చూస్తుంది. మాటల్ని బట్టే కథ తెలిసేటట్టు సీరియళ్ళు రాయడం కూడా అందుకే. మీటరు ఛానెల్‌ని గుర్తుపట్టేది శబ్దంలో దాచిన గుర్తుతోనే. కానీ వంటింట్లో ఆ శబ్దం వింటున్న మనిషిని గుర్తుపట్టాలంటే మాత్రం ఆమె తడిచెయ్యి తుడుచుకొచ్చి మీట నొక్కాలి. ఇంటిపనిని జాతీయాదాయంలో లెక్కించని సమాజం, ఇంటిపని చేస్తూ చూసే చూపుని కూడా లెక్కించలేకపోతోంది.

ఆ తర్వాత తరగతి. 2011లో ప్రకటనల, మార్కెట్ పరిశోధనల వాళ్ళు ఒక వర్గీకరణ తెచ్చారు. ఇంటి విలువ కట్టడానికి రెండే కొలతలు. ఇంటి ఖర్చుకి ఎక్కువ సంపాదించి పెట్టే మనిషి చదువు ఒకటి. పదకొండు వస్తువుల జాబితాలో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నది రెండోది. కరెంటు, సీలింగు ఫ్యాను, గ్యాస్ పొయ్యి, రెండు చక్రాల బండి, రంగుల టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటరు, కారు, ఏసీ, వ్యవసాయ భూమి. ఏళ్ళ తరబడి ఛానెళ్ళు మన చూపుల్ని ఈ తరగతుల వారీగానే అమ్ముకున్నాయి.

ఈ జాబితా పట్టుకుని చర్ల, గుండాల, పినపాక వైపు ఒక కోయ ఇంటికి వెళ్ళండి. ‘ఎక్కువ సంపాదించేది ఎవరు’ అంటే మిరపకోతల కూలీ, తునికాకు కట్టలు, వేసవిలో ఇప్పపువ్వు అన్నీ తెచ్చే ఆడమనిషి ఎదురుగా ఉన్నా మొగుడి పేరే చెప్తారు. అతని చదువుతో ఆమె తరగతి నిర్ణయమవుతుంది. ‘వ్యవసాయ భూమి ఉందా’ అన్న ప్రశ్నకి జవాబేమిటి? తాతల నాటి నుంచి పోడు చేసుకుంటున్న భూమి ఉంది, కాగితం లేదు. భార్యాభర్తలిద్దరి పేరా పట్టా ఇవ్వాలని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. ఆ తర్వాత పదిహేడేళ్ళకి, 2023 జూన్‌లో, తెలంగాణలో పెద్దఎత్తున పోడు పట్టాలు పంచారు. అప్పటికీ అందనివాళ్ళు ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి మన అడవుల్లో తలదాచుకున్న గొత్తికోయల సంగతి చెప్పనే అక్కర్లేదు. అటవీశాఖ దృష్టిలో ఆక్రమణదారు అయిన స్త్రీ, టీవీ మార్కెట్ దృష్టిలో అడుగు తరగతి ప్రేక్షకురాలు. రెండు చోట్లా ఆమె ఉంది, రెండు చోట్లా ఆమెకు ఖాతా లేదు.

ఇటీవల కొత్త వర్గీకరణ ఒకటి ప్రతిపాదించారు. ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివిన స్త్రీ చదువుని కూడా అందులో చేర్చారు. మంచిదే. కానీ మనిషి విలువని కొనే శక్తితోనే కొలవడం అనే మూలసూత్రం మారలేదు.

ఇదంతా నా ఊహ అనుకునేవాళ్ళ కోసం అమెరికా అనుభవం చెబుతాను. 1971లో సీబీఎస్ అనే పెద్ద టీవీ సంస్థ పల్లె జీవితం మీద నడిచే కార్యక్రమాల్ని వరసగా ఎత్తేసింది. ‘బెవర్లీ హిల్‌బిల్లీస్’, ‘గ్రీన్ ఏకర్స్’, ‘మేబెర్రీ ఆర్.ఎఫ్.డి.’, ‘హీ హా’ అందులో ఉన్నాయి. వీటిలో కొన్ని ఆ ఏడాది కూడా దేశం మొత్తం మీద మొదటి ఇరవై స్థానాల్లో ఉన్నవే. చూసేవాళ్ళకి కొరత లేదు. కానీ వాళ్ళలో ఎక్కువమంది పల్లెలవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు. ప్రకటనదారులకు కావలసింది పట్నాల్లోని యువజనం. టీవీ చరిత్రకారులు దీనికి ‘పల్లె ప్రక్షాళన’ అన్న అర్థమొచ్చే పేరే పెట్టారు. ‘హీ హా’ని ఆపేశాక దాని తయారీదారులు స్థానిక స్టేషన్లకి విడివిడిగా అమ్ముకుని మరో ఇరవై ఏళ్ళు నడిపారు. చూసేవాళ్ళున్నారనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

అసలు ఈ పగటి సీరియళ్ళు పుట్టిందే సబ్బుల కంపెనీల డబ్బుతో. గృహిణికి సబ్బు అమ్మడానికే వాటిని తీశారు, పేరు కూడా అలాగే వచ్చింది. ‘గైడింగ్ లైట్’ అనే సీరియల్ని 1937లో రేడియోలో మొదలుపెట్టారు. 1952లో టీవీకి తెచ్చారు. దాన్ని ఊహించి రాసింది అర్నా ఫిలిప్స్ అనే స్త్రీ. డెబ్బైరెండేళ్ళు నడిచాక 2009లో ఆపేశారు. పగటిపూట ఇంట్లో ఉండే ఆడవాళ్ళు తగ్గి, చూసే సంఖ్య, ప్రకటనల రాబడి పడిపోయేసరికి, మూడు తరాల అనుబంధం ఒక ఖర్చు పద్దులో తేలిపోయింది. మన దగ్గర ఈటీవీలో ‘అభిషేకం’ 2008లో మొదలై 2022 ఫిబ్రవరిలో ముగిసేనాటికి నాలుగు వేల భాగాలు నడిచింది. అది చూస్తూ పెళ్ళిళ్ళయి, బిడ్డల్ని కని, ఆ బిడ్డల్ని బడికి పంపిన ఆడవాళ్ళున్నారు.

ఖర్చు అనే వాదన పూర్తిగా అబద్ధమని నేననను. సీరియల్ వయసు పెరిగేకొద్దీ నటీనటుల పారితోషికాలు పెరుగుతాయి, సెట్ల అద్దెలు పెరుగుతాయి. ప్రకటనల సమయం మాత్రం పెరగదు, గంటకి పన్నెండు నిమిషాలకి మించకూడదని నిబంధన. ఆ నిమిషాల ధర రేటింగుతో ముడిపడి ఉంటుంది. కొత్త సీరియల్‌కి కొత్త మొహాలు, తక్కువ జీతాలు, మొదటి వారాల ఆసక్తి అన్నీ కలిసొస్తాయి. వేరే భాషలో అప్పటికే ఆడిన కథని తెస్తే రచయితల ఖర్చూ తగ్గుతుంది. వ్యాపారంగా చూస్తే ఇదంతా సబబే. కానీ ఈ లెక్కలో రెండు పద్దులు ఎక్కడా కనపడవు. ఒకటి, ఆ సీరియల్ మీద ఆధారపడ్డ రోజుకూలీ పనివాళ్ళది. మేకప్ వాళ్ళు, దుస్తులు ఇస్త్రీ చేసేవాళ్ళు, వంటవాళ్ళు, చిన్న పాత్రల ఆడపిల్లలు. వీళ్ళకు నెల ముందు నోటీసు లేదు, పరిహారం లేదు. రెండోది, చూసేవాళ్ళది.

నిర్ణయం తీసుకునేవాళ్ళు ఎంత దూరంగా ఉన్నారో కూడా చూడండి. మా టీవీ తెలుగు పెట్టుబడితో పుట్టింది. 2015లో స్టార్ కొన్నది. స్టార్‌తో పాటు 2019లో అది అమెరికాలోని డిస్నీ చేతికి పోయింది. 2024 నవంబరులో రిలయన్స్‌తో కలిసిన కొత్త సంస్థలో భాగమైంది. దుమ్ముగూడెం గడప మీది అరగంట పదేళ్ళలో ఇన్ని చేతులు మారింది. మారిన సంగతి గడప మీద కూచున్న మనిషికి ఎవరూ చెప్పలేదు.

ఇక మన ప్రగతిశీల మిత్రుల మాటకి వస్తాను. ‘ఆ సీరియళ్ళు పితృస్వామ్యాన్ని నూరిపోస్తాయి, ఆగిపోతే మంచిదే కదా’ అంటారు. వాటిలోని విలువలతో నాకు ఏ రాజీ లేదు. ‘కార్తీక దీపం’లో దీప నలుపు కూడా తెల్లటి నటికి పూసిన రంగే. ఆడదాని శీలం రుజువయ్యేదాకా ఏళ్ళ తరబడి కథ నడిపారు. ఇద్దరు ఆడవాళ్ళని ఒకరి మీదికొకరిని ఉసిగొల్పారు. ఇవన్నీ విమర్శించవలసినవే. కానీ గమనించండి, సీరియల్‌ని ఆపింది ఈ కారణాలతో కాదు. దాని స్థానంలో వచ్చినవి ఇంతకంటే మెరుగైనవీ కావు. ఛానెల్ మన విమర్శని విని ఆపినట్టు మనం సంబరపడటం అమాయకత్వం. అదీగాక, ఆడవాళ్ళు ఆ కథలోంచి ఏం తీసుకున్నారో అడిగామా? నేను విన్న మాటల్లో ఎక్కువ భాగం డాక్టరు బాబుని తిట్టినవే. ‘ఇంత జరిగినాక వాని దగ్గరికి ఎందుకు పోవాలె’ అని వాదించుకున్నవాళ్ళే. పక్కింట్లో జరిగే అనుమానపు హింస గురించి పేరు పెట్టి మాట్లాడలేనివాళ్ళు దీప పేరు మీద మాట్లాడారు.

కథకి ఆ శక్తి ఉందని మన రాష్ట్ర స్త్రీల ఉద్యమానికి కొత్తగా చెప్పాలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటానికి అక్షరదీపం వాచకంలోని పాఠాలు ఊపిరినిచ్చాయి. చదువు నేర్పడానికి చెప్పిన కథని ఆడవాళ్ళు తమ కథగా మార్చుకున్నారు. సాయంత్రం పూట లక్షల మంది ఆడవాళ్ళు ఒకే కథ చుట్టూ కూడుతున్నప్పుడు, ఆ చోటుని ఎగతాళి చేసి వదిలేయడం మన రాజకీయాలకే నష్టం.

ఆ చోటు ఎవరిదో 1995 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో జస్టిస్ సావంత్, జస్టిస్ జీవన్ రెడ్డి ఇచ్చిన తీర్పుల ప్రకారం వాయుతరంగాలు ప్రజల ఆస్తి. జస్టిస్ జీవన్ రెడ్డి మన తెలుగువారే. 1990 నాటి ప్రసార భారతి చట్టం స్త్రీల స్థితిగతుల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలనీ, వెనకబడ్డ, మారుమూల ప్రాంతాల వాళ్ళకి సేవ చేయాలనీ రాసింది. జరిగిందేమిటి? 1975 ఆగస్టులో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకి టీవీ చూపించే ప్రయోగం జరిగింది, అందులో మన తెలుగు గ్రామాలూ ఉన్నాయి. సరిగ్గా ఏడాదికి ఆ అమెరికా ఉపగ్రహం గడువు తీరిపోగానే ప్రసారం ఆగింది. మంజులా నాయుడు ‘ఋతురాగాలు’ వంటి సీరియళ్ళని దూరదర్శన్‌లోనే చూశాం, ఆ తర్వాత ఆమె ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ తీసింది ప్రైవేటు ఛానెల్‌కి. వెదురు గడకి కట్టిన యాంటెన్నాతో పట్టుకునే దూరదర్శన్ పాత ట్రాన్స్‌మీటర్లని 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా మూసేశారు. ఇప్పుడు ప్రభుత్వ ఛానెల్ చూడాలన్నా డిష్ కొనుక్కోవాలి. కోయ భాషలో ఆడవాళ్ళ కథ చెప్పే ఒక్క సీరియల్‌ని నేను ఏ ఛానెల్‌లోనూ చూడలేదు. మొదలే కానిదాన్ని ఆపేశారని కూడా అడగలేం.

అందుకని మనం అడగవలసింది పాత సీరియల్‌ని మళ్ళీ వెయ్యమని కాదు. ఈ నాలుగు మాటలు అడుగుదాం. ప్రేక్షకుల్ని లెక్కించే సంస్థ పాలకమండలిలో ప్రేక్షకుల తరఫున, అందులోనూ స్త్రీల తరఫున సభ్యులుండాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో ఎన్ని మీటర్లున్నాయో, ఇళ్ళు బయటపెట్టకుండానే, జిల్లాల వారీగా ప్రకటించాలి. ఏడాదికి మించి నడిచిన సీరియల్‌ని ఆపేముందు ప్రేక్షకులకి కారణం చెప్పాలి, పనివాళ్ళకి నోటీసు, పరిహారం ఇవ్వాలి. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి ఛానెళ్ళలో స్త్రీలు రాసి స్త్రీలు తీసే తెలుగు, కోయ, లంబాడీ సీరియళ్ళకి సాయంత్రం వేళల్లో చోటివ్వాలి, వాటి బతుకుని ప్రకటనల రేటుకి ముడిపెట్టకూడదు.

మహిళా సంఘాల సమావేశాల్లో కూలిరేట్ల గురించి, పట్టాల గురించి, మద్యం దుకాణాల గురించి మాట్లాడతాం. టీవీ గురించి మాట్లాడటం చిన్నతనమనుకుంటాం. రోజంతా ఇతరుల కోసం పనిచేసే మనిషికి మిగిలిన ఆ ఒక్క అరగంట మీద ఎవరి అధికారం చెల్లాలన్నది కూలిరేటంత పెద్ద ప్రశ్నే. ఈసారి మీ ఊరి సంఘం కూచున్నప్పుడు ఎజెండాలో దీన్ని కూడా చేర్చండి. ఆడవాళ్ళు ఏం చూస్తున్నారో, ఏం చూడాలనుకుంటున్నారో రాసుకోండి. ఆ కాగితాలన్నీ కలిపి దూరదర్శన్‌కి, ట్రాయ్‌కి పంపుదాం. మీట మన చేతికి ఇవ్వకపోతే, లెక్క మనమే రాసి పంపుదాం.